కట్టుడు పళ్ళ నుంచి నాటుడు పళ్ళ దాకా

(రేడియో ప్రసంగ పాఠం)



పళ్ళున్నప్పుడు శనగలు లేవు, శనగలున్నప్పుడు పళ్ళు లేవు అన్న సామెత మనందరికీ తెలిసిందే. అమెరికాలో స్థిరపడ్డ తెలుగు ఇళ్ళలో ఈ సామెత తరచూ కళ్ళెదుట కనబడుతుంది. అమ్మానాన్నలు ఆర్నెల్ల వీసా మీద వస్తారు. ఫ్రిజ్ నిండా పళ్ళూ కూరలూ, డబ్బాల నిండా జీడిపప్పు, బాదంపప్పు. తీరా చూస్తే నాన్నగారు జంతికను పాలల్లో నానబెట్టుకుంటూ ఉంటారు, అమ్మ ఆవకాయ ముక్కను చప్పరించి పక్కన పెట్టేస్తుంది. "ఏం లేదురా, ఆ వైపు నమలలేను" అంటారు. అంతకు మించి చెప్పరు. మనమూ అడగం.

ఊడిపోయిన పన్ను స్థానంలో ఇంకో పన్ను పెట్టుకోవడం ఎప్పుడు మొదలైంది, ఎలా మొదలైంది, ఈరోజు "ఇంప్లాంట్" అని అందరూ అంటున్న ఆ చిన్న మరమేకు ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నదే ఈ ప్రసంగం విషయం. నేను పళ్ళ డాక్టర్ని కాను, కంప్యూటర్ ఉద్యోగిని. వైద్య సలహా ఇవ్వడం నా పని కాదు. చరిత్ర చెబుతాను. అందులో మన ఇళ్ళకి పనికొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి.

పూషుడి పళ్ళు

మన పురాణాల్లో పళ్ళు పోగొట్టుకున్న దేవుడు ఒకాయన ఉన్నాడు. ఆయన పేరు పూషుడు. దక్షయజ్ఞం కథ మీకు తెలుసు. అది మన గోదావరి సీమలోని ద్రాక్షారామంలోనే జరిగిందని స్థలపురాణం. దక్షుడు శివుణ్ణి నిందిస్తుంటే పూషుడు పళ్ళు బయటపెట్టి నవ్వాడట. తర్వాత వీరభద్రుడు వచ్చి ఆ పళ్ళు రాలగొట్టాడు. శివుడు శాంతించాక ఒక్కొక్కరికీ పోయినదానికి బదులు ఏదో ఒక ఏర్పాటు చేశాడు. దక్షుడికి మేక తల పెట్టారు. పూషుడికి మాత్రం కొత్త పళ్ళు రాలేదు. ఇకనుంచి పిండి తిను, నమలాల్సి వస్తే యజమాని పళ్ళతో నములు అని తీర్పు. ఇది భాగవతం నాలుగో స్కంధంలో ఉంది.

ఇంకొకరి పళ్ళతో నమలడం అన్న ఈ మాట గుర్తుపెట్టుకోండి. పళ్ళ చరిత్రలో చాలా భాగం దీని చుట్టూనే తిరిగింది.

పురాణం అలా ఉంచి తవ్వకాల సంగతికి వస్తే, పంటి వైద్యానికి ప్రపంచంలో దొరికిన అతి పాత ఆధారాల్లో ఒకటి మన ఉపఖండంలోనిదే. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్ శ్మశానంలో దొరికిన 9 మంది పెద్దవాళ్ళ అస్థిపంజరాల్లో 11 దంతాలకు రంధ్రాలు తొలిచి ఉన్నాయని 2006లో నేచర్ పత్రికలో ప్రకటించారు. వాటి వయసు ఏడున్నర వేల నుంచి తొమ్మిది వేల సంవత్సరాలు. పూసలకు చిల్లులు పెట్టే చెకుముకి రాతి మొనతోనే ఆ దంతాలనూ తొలిచి ఉంటారని పరిశోధకుల అభిప్రాయం. మన సుశ్రుతుడు కూడా తన శస్త్రాల జాబితాలో దంతశంకువు అనే పరికరాన్ని చేర్చాడు.

పోయిన పన్ను స్థానంలో మరొకటి నిలబెట్టడంలో పేరు తెచ్చుకున్న వాళ్ళు ఇటలీలోని ఎట్రుస్కన్లు. క్రీస్తుకు ఆరేడు వందల ఏళ్ళ ముందే సన్నని బంగారు పట్టీతో పక్క పళ్ళకి కొత్త పన్నును కట్టేవాళ్ళు. మనం డెంచర్‌ని కట్టుడు పళ్ళు అంటాం కదా, ఆ మాట వీళ్ళ పనికి అక్షరాలా సరిపోతుంది.

కట్టడం వేరు, నాటడం వేరు. నాటడానికి పేరుపడ్డ పాత ఆధారం అమెరికా ఖండంలో దొరికింది. 1931లో విల్సన్ పోపెనో దంపతులు హోండురాస్‌లో తవ్వకాలు జరుపుతుంటే ఒక కింది దవడ ముక్క బయటపడింది. అది క్రీస్తుశకం 600 ప్రాంతానిది. అందులో ముందరి మూడు పళ్ళ స్థానంలో పంటి ఆకారంలో చెక్కిన ఆల్చిప్ప ముక్కలు ఉన్నాయి. చనిపోయాక అలంకారంగా పెట్టి ఉంటారనుకున్నారు. 1970లో అమడేయో బాబియో అనే బ్రెజిల్ దంతవైద్యుడు దానికి ఎక్స్‌రేలు తీయించి చూస్తే, రెండు ముక్కల చుట్టూ ఎముక పెరిగిన ఆనవాళ్ళు కనిపించాయి. శవానికి ఎముక పెరగదు కదా! అంటే మనిషి బతికుండగానే ఆ ముక్కలను నాటారన్నమాట. ఆ దవడ ఇప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారి పీబాడీ మ్యూజియంలో ఉంది.

పేదవాడి పన్ను, ధనికుడి నోరు

పద్ధెనిమిదో శతాబ్దానికి వద్దాం. యూరప్‌లో పంచదార వాడకం పెరిగింది, దాంతోపాటు పుచ్చు పళ్ళూ పెరిగాయి. 1728లో పియరీ ఫోషార్ అనే ఫ్రెంచి వైద్యుడు దంతవైద్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. లండన్‌లో జాన్ హంటర్ అనే ప్రసిద్ధ శస్త్రవైద్యుడు ఒక మనిషి పన్నును తీసి కోడిపుంజు జుట్టులో నాటి, అది అక్కడ అతుక్కుందని చూపించాడు. ఆ నమూనా లండన్ హంటేరియన్ మ్యూజియంలో ఉంది. 1771లో ఆయన దంతాల మీద పుస్తకం ప్రచురించాడు. ఒకరి పన్ను ఇంకొకరికి నాటవచ్చు అన్న నమ్మకం అప్పట్నుంచి బలపడింది.

మరి ఆ పళ్ళు ఎవరివి? డబ్బు అవసరమైన పేదవాళ్ళవి. 1787లో రోలండ్‌సన్ అనే చిత్రకారుడు గీసిన వ్యంగ్య చిత్రం ఒకటుంది. అందులో పొగగొట్టాలు తుడిచే కుర్రవాడి పన్ను పీకి, పక్కన కూర్చున్న దొరసాని నోట్లో పెట్టబోతుంటారు. ఇలా నాటిన పళ్ళు కొన్నాళ్ళకో కొన్నేళ్ళకో ఊడిపోయేవి. శరీరం పరాయి కణాన్ని ఒప్పుకోదన్న సంగతి అప్పటికి తెలియదు. పైగా వాటితోపాటు రోగాలు కూడా వచ్చేవి. చివరికి ఈ పద్ధతి దానంతట అదే వెనకబడింది.

మన పిల్లలు బడిలో చదువుకునే జార్జి వాషింగ్టన్ కథకీ దీనికీ సంబంధం ఉంది. వాషింగ్టన్‌వి చెక్క పళ్ళు అని చాలామంది పిల్లలు విని ఉంటారు. అది నిజం కాదు. 1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే మిగిలింది. జాన్ గ్రీన్‌వుడ్ అనే దంతవైద్యుడు నీటిగుర్రం దంతంతో, మనుషుల పళ్ళతో, లోహపు స్ప్రింగులతో ఆయనకు సెట్లు చేసిచ్చాడు. వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్. అక్కడి ఖాతా పుస్తకంలో 1784 మే నెలలో ఒక పద్దు ఉంది. తొమ్మిది పళ్ళకుగాను నల్లవారికి చెల్లించినది ఆరు పౌండ్ల రెండు షిల్లింగులు అని. నల్లవారు అంటే ఆ ఎస్టేటులోని బానిసలు. కాదనే హక్కు లేని మనిషి పన్నుకి డబ్బు చెల్లించినంత మాత్రాన అది అమ్మకం అవుతుందా? పూషుడు యజమాని పళ్ళతో నమిలాడు. ఇక్కడ యజమానే బానిస పళ్ళతో నమిలాడేమో అనిపిస్తుంది.

ఆ తర్వాత 1815లో వాటర్లూ యుద్ధం వచ్చింది. యుద్ధభూమిలో పడి ఉన్న వేలమంది పడుచు సైనికుల నోళ్ళలోంచి పళ్ళు పీకి మూటలు కట్టి అమ్మారు. వాటర్లూ పళ్ళు అని పేరుపడిపోయింది. పింగాణీ పళ్ళు అప్పటికే ఫ్రాన్స్‌లో తయారైనా పెళుసుగా ఉండేవి, నమిలేటప్పుడు చప్పుడు చేసేవి. అవి బాగుపడేదాకా మనిషి పన్నుకే గిరాకీ.

రబ్బరు దవడ, పేటెంటు తగాదా

మామూలు మనిషికి కట్టుడు పళ్ళు అందుబాటులోకి రావడానికి రెండు విషయాలు తోడ్పడ్డాయి. ఒకటి మత్తుమందు. 1846లో బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్‌తో నొప్పి లేకుండా శస్త్రచికిత్స చేయవచ్చని బహిరంగంగా చూపించాడు. పళ్ళు పీకించుకోవడానికి జనం భయపడటం తగ్గింది. రెండోది రబ్బరు. చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన పద్ధతిలో రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిస్తే, చిగురు అచ్చుకు సరిగ్గా సరిపోయే దవడ తయారవుతుంది. బంగారం అక్కర్లేదు. పింగాణీ పళ్ళు అందులో గుచ్చితే చాలు.

అయితే 1864లో ఆ రబ్బరు దవడ మీద పేటెంటు వచ్చింది. గుడ్‌ఇయర్ డెంటల్ వల్కనైట్ కంపెనీ దాన్ని చేతిలో పెట్టుకుని దేశంలోని దంతవైద్యులందరి దగ్గరా లైసెన్సు రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది. కట్టనివాళ్ళ మీద దావాలు. కంపెనీ కోశాధికారి జొసయ్యా బేకన్ ఊరూరా తిరిగి వాళ్ళని వెంటాడాడు. 1877లో సుప్రీంకోర్టు కూడా కంపెనీ పక్షమే అంది. చివరికి 1879 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో శామ్యూల్ చాల్‌ఫాంట్ అనే దంతవైద్యుడు బేకన్‌ని తుపాకీతో కాల్చి చంపాడు. సాఫ్ట్‌వేర్ లైసెన్సుల గొడవలు మా వృత్తిలో రోజూ చూస్తాం గానీ అవి ఇంతదాకా పోవు! 1881లో ఆ పేటెంటు గడువు తీరింది. ఆ తర్వాత కట్టుడు పళ్ళు నిజంగా సామాన్యుడివయ్యాయి. 1930ల చివర్లో రబ్బరు పోయి అక్రిలిక్ వచ్చింది. మన తాతలు రాత్రిపూట గ్లాసు నీళ్ళలో పెట్టుకున్న గులాబీరంగు సెట్టు అదే.

మన దేశం, మన ఊళ్ళు

ఇక్కడ కాస్త మన వైపు చూద్దాం. మన దేశానికి ఆధునిక దంతవైద్య విద్య అమెరికా మీదుగా వచ్చింది. డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ తూర్పు బెంగాల్‌లో పుట్టి, మనలాగే చదువుకోసం అమెరికా వచ్చాడు. 1915లో అయోవా విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టా పుచ్చుకున్నాడు. బోస్టన్‌లో పిల్లల దంతవైద్యశాలలో కొన్నాళ్ళు పనిచేశాడు. 1919లో తిరిగి వెళ్ళి, 1920లో కలకత్తాలో దేశంలోనే మొదటి డెంటల్ కాలేజీ పెట్టాడు. దానికి డబ్బెలా వచ్చిందనుకున్నారు? న్యూయార్క్ సోడా ఫౌంటెన్ అని ఒక దుకాణం తెరిచి, ఆ ఆదాయంతో కాలేజీ నడిపాడు. తీపి అమ్మి పళ్ళ కాలేజీ నడపడం అంటే నవ్వొస్తుంది గానీ, ప్రభుత్వ సాయం కోసం ఎదురుచూస్తూ కూర్చోని మనిషి కథ అది. 1964లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. దంతవైద్యుల చట్టం స్వతంత్రం వచ్చాక 1948లో వచ్చింది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో మొదలైంది. మా పక్కనున్న రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు మొదలైంది కూడా ఆ సంవత్సరమే.

పళ్ళ చరిత్రలో మన ఊళ్ళ పేర్లు ఇంకో రకంగా కూడా ఎక్కాయి. 1937లో భారత వైద్య పత్రికల్లో అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటిలోని ఫ్లోరైడు వల్ల వస్తున్న జబ్బు గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి ప్రభృతులు రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి వచ్చిన తొలి శాస్త్రీయ వివరాలు అవే. పళ్ళ మీద గోధుమరంగు చారలు, గుంటలు. ఇంకా ముదిరితే ఎముకలే వంగిపోతాయి. తర్వాత నల్లగొండ పేరు దీనికి మారుపేరైపోయింది. నీటిలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో తయారుచేసి, దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు పెట్టింది. ఇదే ఫ్లోరైడును అమెరికాలో 1945 నుంచి, మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ ఊరితో మొదలుపెట్టి, పళ్ళు పుచ్చకుండా కొద్ది మోతాదులో నీటిలో కలుపుతూ వచ్చారు. ఒకచోట కలిపారు, ఒకచోట తీసేయడానికి తంటాలు పడ్డారు. తేడా అంతా మోతాదులో ఉంది.

కుందేలు కాలిలో ఇరుక్కున్న గొట్టం

ఇక అసలు కథ. పంటిని ఎముకలోనే నాటాలని ఇరవయ్యో శతాబ్దం మొదట్నుంచీ ప్రయత్నాలు జరిగాయి. 1913లో గ్రీన్‌ఫీల్డ్ అనే అమెరికన్ ఇరిడియం, ప్లాటినం తీగతో బుట్టలాంటి వేరు చేశాడు. 1930ల చివర్లో బోస్టన్‌లో స్ట్రాక్ సోదరులు వైటాలియం అనే మిశ్రమలోహంతో మరమేకు చేశారు. 1960లలో న్యూయార్క్‌లో లెనార్డ్ లింకో పలుచని బ్లేడు ఆకారంలో చేశాడు. కొందరికి బాగానే పనిచేశాయి, చాలామందికి వదులైపోయాయి. కారణం ఒకటే. లోహానికీ ఎముకకీ మధ్య మెత్తని పొర ఒకటి ఏర్పడేది. అంటే శరీరం దాన్ని చుట్టూ గోడ కట్టి వేరుచేసేది. వరి నారు నాటిన రైతుని అడగండి. మొక్క నిలబడటం వేరు, వేరు పట్టడం వేరు అంటాడు.

వేరు పట్టించిన మనిషి దంతవైద్యుడు కాదు. ఆయన పేరు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్. 1929లో స్వీడన్‌లో పుట్టాడు. 1952 ప్రాంతంలో లుండ్ విశ్వవిద్యాలయంలో ఎముక మూలుగలో రక్తం ఎలా ప్రవహిస్తుందో చూడాలని, కుందేలు కాలి ఎముకలో చిన్న గొట్టం బిగించి దానికి మైక్రోస్కోపు తగిలించాడు. గొట్టానికి టైటానియం వాడమని హాన్స్ ఎమ్నేయుస్ అనే ఎముకల డాక్టరు సలహా ఇచ్చాడు. ప్రయోగం అయిపోయాక ఖరీదైన ఆ గొట్టాన్ని తీసి మళ్ళీ వాడదామంటే రాదు! ఎముక దాన్ని గట్టిగా పట్టేసుకుంది. మధ్యలో మెత్తని పొర లేదు.

ఇది యాదృచ్ఛికం అని పుస్తకాల్లో రాస్తారు. గొట్టం ఇరుక్కోవడం యాదృచ్ఛికమే. కానీ విసుక్కుని పక్కన పారేయకుండా "ఎందుకు రావడం లేదు?" అని అడగడం యాదృచ్ఛికం కాదు. టైటానియం గాలి తగలగానే దాని మీద ఒక అతి పలుచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. శరీరానికి కనబడేది లోహం కాదు, ఆ పొర. దాన్ని ఎముక శత్రువుగా చూడదు. ఎముక, లోహం ఇలా నేరుగా కలిసిపోవడానికి తర్వాత ఆయన ఆసియోఇంటిగ్రేషన్ అని పేరు పెట్టాడు. ఎముకలో ఐక్యమైపోవడం అనుకోండి.

బ్రోనెమార్క్ తొందరపడలేదు. జంతువుల మీద ఏళ్ళ తరబడి చూశాడు. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన విద్యార్థుల చేతుల్లో చిన్న టైటానియం గొట్టాలు పెట్టి, శరీరం ఒప్పుకుంటుందో లేదో గమనించాడు. 1960లో గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి మారాడు. 1965లో, అంటే కుందేలు తర్వాత పదమూడేళ్ళకి, మొదటి మనిషికి చేశాడు. ఆ మనిషి యోస్టా లార్సన్. వయసు ముప్ఫై నాలుగు. పుట్టుకతోనే దవడ లోపం, కింద పళ్ళు లేవు, నమలలేడు, సరిగ్గా మాట్లాడలేడు. కింది దవడలో నాలుగు టైటానియం మరమేకులు నాటారు. ఎముక పట్టేదాకా నెలల తరబడి ఆగి, అప్పుడు వాటి మీద పళ్ళు బిగించారు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, నలభై ఏళ్ళ పైన, ఆ మేకులు ఆయన దవడలోనే పనిచేశాయి.

అయినా తోటివాళ్ళు నమ్మలేదు. 1969లో ఒక సభలో ఆయన మాట్లాడుతుంటే ఒక పెద్ద ప్రొఫెసరు లేచి, రీడర్స్ డైజెస్టులో పేరు వేయించుకునే వాళ్ళని నేను నమ్మను అన్నాడట. ఆ ప్రొఫెసరు ఒక రకం పళ్ళపుల్లల్ని జనానికి సిఫార్సు చేయడంలో ప్రసిద్ధుడు. పళ్ళపుల్లల డబ్బా మీద పేరు వేయించుకునే వాళ్ళని నేనూ నమ్మను అని బ్రోనెమార్క్ జవాబు! కానీ చమత్కారం వల్ల ఆయన గెలవలేదు, లెక్కల వల్ల గెలిచాడు. 1981లో ఆయన బృందం పదిహేనేళ్ళ ఫలితాలు ప్రకటించింది. 371 మంది రోగులకు నాటిన 2768 మేకుల లెక్క అది. పై దవడలో 81 శాతం, కింది దవడలో 91 శాతం గట్టిగా నిలిచాయి. పోయినవాటిని కూడా దాచకుండా లెక్కలో చూపించారు. 1982లో జార్జి జార్బ్ ఏర్పాటు చేసిన టొరంటో సమావేశంలో ఉత్తర అమెరికా దంతవైద్యులు ఆ లెక్కలు చూశారు. అక్కణ్ణుంచే ఇంప్లాంట్ ప్రపంచమంతా పాకింది. బ్రోనెమార్క్ 2014 డిసెంబరులో కన్నుమూశాడు.

బోఫోర్స్, మిధాని

ఇక్కడ మన శ్రోతలు ఉలిక్కిపడే సంగతి ఒకటుంది. ఈ మరమేకుల్ని వ్యాపారస్థాయిలో తయారుచేయడానికి ముందుకొచ్చిన కంపెనీ ఏదో తెలుసా? బోఫోర్స్! అవును, మన దేశానికి ఫిరంగులు అమ్మిన బోఫోర్సే. 1986లో ఒప్పందం, 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో బయటపెట్టిన ముడుపుల వార్త, ఆ తర్వాత కార్గిల్‌లో అవే ఫిరంగులు పనికిరావడం, అన్నీ మనకి గుర్తే. లోహాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కోయడం తెలిసిన వాళ్ళు కాబట్టి 1970ల చివర్లో బ్రోనెమార్క్ వాళ్ళతో చేతులు కలిపాడు. 1981లో నోబెల్‌ఫార్మా అనే కంపెనీ పుట్టింది. ఇప్పటి నోబెల్ బయోకేర్ అదే. ఒకే ఇంటి నుంచి ఫిరంగీ వచ్చింది, పన్నూ వచ్చింది.

స్విట్జర్లాండ్‌లో ఆంద్రే ష్రోడర్, స్ట్రామన్ సంస్థతో కలిసి దాదాపు అదే కాలంలో విడిగా మరో దారిలో ఇదే గమ్యం చేరారు. 1985లో జూరిక్ విశ్వవిద్యాలయంలో కెమెరాతో పంటిని చిత్రించి, కంప్యూటర్‌తో అక్కడికక్కడే పింగాణీ చెక్కే యంత్రం వాడకంలోకి వచ్చింది. అచ్చులు తీయడం తగ్గడానికి నాంది అది. ఈనాడు ఈ రంగంలో పెద్ద కంపెనీల్లో ఒకటైన డెంట్‌స్ప్లై సిరోనా ప్రధాన కార్యాలయం మా రాష్ట్రంలోనే, షార్లెట్‌లో ఉంది. టైటానియం విషయంలో మన వాళ్ళూ తక్కువ తినలేదు. 1973లో హైదరాబాదు కంచన్‌బాగ్‌లో పెట్టిన మిశ్ర ధాతు నిగమ్, మనం మిధాని అనేది, రక్షణ, అంతరిక్ష అవసరాలకి టైటానియం మిశ్రమలోహాలు తయారుచేస్తుంది. శరీరంలో పెట్టే ఇంప్లాంట్లకి పనికొచ్చే లోహం కూడా చేస్తుంది. ఆ లోహానికి మూలమైన ఇల్మనైటు ఖనిజం భీమిలి, శ్రీకాకుళం తీరాల్లోని నల్ల ఇసుకలో ఉంది.

1965లో రెండు సంఘటనలు

లార్సన్ దవడలో మేకులు నాటిన 1965లోనే, జూలై 30న, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మెడికేర్ చట్టం మీద సంతకం చేశాడు. అరవై ఐదు దాటిన వాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా. ఆ చట్టంలోనే పళ్ళ వైద్యాన్ని, కట్టుడు పళ్ళని మినహాయించారు. గుండెకి బీమా ఉంది, మోకాలికి ఉంది, నోటికి లేదు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప అసలు మెడికేర్‌లో ఈనాటికీ అంతే. పోయిన పన్నును తిరిగి నాటగల విద్య వచ్చిన ఏడే, పన్ను ఒంట్లో భాగం కాదన్నట్టు చట్టం రాసుకున్నారు. ఇంకొకరి పన్ను పీక్కోవాల్సిన రోజులు పోయాయి, అది నిజంగా గొప్ప సంగతి. కానీ డబ్బున్నవాడి నోరు, లేనివాడి నోరు అన్న తేడా మాత్రం పోలేదు.

మన ఇళ్ళ పెద్దవాళ్ళు ఈ తేడాలో ఇరుక్కున్నవాళ్ళే. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్ళకి తీసుకునే బీమాలో పంటి పనికి సాధారణంగా అత్యవసర నొప్పి వరకే చోటుంటుంది. ఒక్క ఇంప్లాంటుకే వేల డాలర్లు అవుతుంది కాబట్టి చాలామంది ఇండియాలో చేయిద్దామనుకుంటారు. అందులో తప్పేమీ లేదు. మంచి వైద్యులు అక్కడా ఉన్నారు. అయితే పైన చెప్పుకున్న చరిత్రలోంచి మూడు మాటలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఎముకకి సెలవు దొరకదు. మనకి మూడు వారాల సెలవు దొరికిందని ఎముక మూడు వారాల్లో పట్టదు. అది పట్టడానికి చాలామందికి మూణ్ణుంచి ఆరు నెలలు పడుతుంది. కొన్ని కేసుల్లో వెంటనే పన్ను బిగించే పద్ధతులు ఉన్నాయి, కానీ అది ఎముక చూసి డాక్టరు తేల్చాల్సిన సంగతి, విమానం టిక్కెట్టు చూసి కాదు. బ్రోనెమార్క్ పదమూడేళ్ళు ఆగాడు. మనం ఆర్నెల్లు ఆగలేమా?

రెండోది, నాటే ముందు నేల చూడాలి. అదుపులో లేని మధుమేహం, పొగతాగే అలవాటు, చిగుళ్ళ జబ్బు ఉంటే మేకు నిలిచే అవకాశం తగ్గుతుంది. మన పెద్దవాళ్ళలో షుగరు ఎంత ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు. ఎముకలు బలహీనపడ్డాయని మాత్రలో ఇంజక్షన్లో తీసుకుంటున్నవాళ్ళు ఆ సంగతి పళ్ళ డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. కొన్ని మందుల వల్ల దవడ ఎముక మానక ఇబ్బంది పడే ప్రమాదం ఉంది. నాటాక కూడా శుభ్రం చేసుకోకపోతే చుట్టూ చిగురు వాచి ఎముక అరుగుతుంది. టైటానియం పుచ్చదు, కానీ దాన్ని పట్టుకున్నది మన ఎముకే.

మూడోది, కాగితం దాచుకోండి. ఏ కంపెనీ ఇంప్లాంటు, ఏ మోడలు, ఎంత పొడవు, ఎంత లావు, లాట్ నంబరు ఎంత అన్నది రాయించుకుని భద్రపరచండి. ఒక కంపెనీ మర ఇంకో కంపెనీ మేకులో పట్టదు. హైదరాబాదులో నాటిన మేకు మీద పన్ను వదులైతే ఇక్కడి డాక్టరు మొదట అడిగేది అదే. వెర్షన్ నంబరు లేని సాఫ్ట్‌వేర్‌ని బాగుచేయమంటే మేం ఎలా తల పట్టుకుంటామో ఆయనా అలాగే పట్టుకుంటాడు.

ఇంప్లాంట్ అందరికీ అక్కర్లేదు, అందరికీ కుదరదు కూడా. బాగా కుదిరిన కట్టుడు పళ్ళ సెట్టుతో హాయిగా తినేవాళ్ళు చాలామంది ఉన్నారు. డెంటల్ కాలేజీల్లో ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు తక్కువ ఖర్చుకి వైద్యం చేస్తారు. ఇక్కడ మాకు చాపెల్ హిల్‌లో 1950 నుంచి విద్యార్థుల్ని తీసుకుంటున్న దంతవైద్య విద్యాలయం ఉంది. మీ ఊరి దగ్గర ఏముందో కనుక్కోండి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది అడగడం. మన పెద్దవాళ్ళు మోకాలి నొప్పి చెబుతారు, బీపీ చెబుతారు. పన్ను సంగతి చెప్పరు. ఈ వయసులో పళ్ళెందుకు, ఆ డబ్బు పిల్లల చదువుకి పనికొస్తుంది అనుకుంటారు. మెత్తటి అన్నం, పప్పు, పెరుగుతో సరిపెట్టుకుంటారు. నమలలేనివాడు కూరలు మానేస్తాడు, పప్పుగింజలు మానేస్తాడు, నలుగురిలో నవ్వడం కూడా మానేస్తాడు. ఏవియేషన్ పార్క్‌వే మీద మా హిందూ భవన్‌లో ఆదివారం భోజనాల దగ్గర చూస్తే, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వే పెద్దవాళ్ళు ఎందరో కనిపిస్తారు. పిండి తినమని పూషుడికి శాపం పెట్టినప్పుడు ఆయన చేసిన తప్పొకటి ఉంది. మన అమ్మానాన్నలు ఏ తప్పూ చేయలేదు.

ఈ వారం ఇండియాకి ఫోన్ చేసినప్పుడు భోజనం చేశారా అని అడుగుతారు కదా. ఏ వైపు నములుతున్నారు అని కూడా అడగండి.